సగటుకు పది తక్కువ

మూడో ఏడు, 12వ రోజు

ఉదయం ఐదున్నరకు పంపుహౌసులో మీటరు చూశాను. ఆరింటికి అభ్రకం రేకులు తీసే షెడ్డులో హాజరు తీసుకున్నాను. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకు వచ్చి కిటికీలు మూసుకున్నాను. తొమ్మిది దాటితే మెరుపుగుంట వీధుల్లో మనిషి నడవలేడు. నేలంతా అభ్రకం పొడి కావడంతో ఎండ పైనుంచి ఎంత కాస్తుందో కిందినుంచీ అంతే కొడుతుంది.

ఊరి సరుకునూ ఖర్చునూ కొలిచే అంకెను సూచీ అంటాం; ప్రతి ఊరి సూచీ పరిశీలకులూ రోజూ దినచర్య రాయాలని మండల కార్యాలయం నియమం. రెండేళ్ళుగా నేను "అంతా సక్రమం" అని రాసి సంతకం పెడుతున్నాను. ఎవరూ చదివిన దాఖలా లేదు. ఇవాళ మాత్రం జరిగింది జరిగినట్టు రాయాలనిపించింది.

ఇవాళ కొండాయిపాలెం మండలంలోంచి పోయింది.

పోయిందంటే ఊరు ఉన్నచోటే ఉంది. సరిహద్దునే సవరించారు. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసి తెచ్చే గొట్టం ఇక అక్కడికి వెళ్ళదు. కరెంటు వెళ్ళదు. ఎగిరే ఆసుపత్రి దిగదు. అక్కడ తయారైన సరుకు మీద మండలం ముద్ర ఉండదు కనుక ఏ ఓడా దాన్ని ఎక్కించుకోదు. పునరుద్ధరణ పథకం మొదలైన రోజునుంచీ ఈ నియమం ఉంది. మండలం సగటు సూచీకి పది తక్కువైన ఊరు ముప్ఫై రోజుల్లో కోలుకోకపోతే దాన్ని మండలంలో ఉంచరు. ఆ నియమాన్ని మైకులో చదివినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. మండలాలను సగటు సూచీ వరసలో పేర్చే ప్రపంచ పట్టికలో అరవై ఒకటో స్థానానికి పడిపోయాం, మళ్ళీ మొదటి పదిలోకి వెళ్ళాలంటే కొంత కఠినంగా ఉండక తప్పదని నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను.

నిన్న మెరుపుగుంట సూచీ అరవై నాలుగు, సగటు డెబ్భై ఒకటి. ఇవాళ కూడా మాది అరవై నాలుగే. సగటు డెబ్భై రెండయింది.

13వ రోజు

ఊరి అధ్యక్షుడు ఖాదర్ బాషా వచ్చాడు. బస్సులకు కరెంటు ఎక్కించే స్టేషను ఆయనదే. గ్రీజు చేతులు తుడుచుకుంటూ గోడమీది సూచీ అంకెలు చూశాడు.

"మనం నిన్నటికీ ఇయ్యాల్టికీ తగ్గలేదు గదమ్మా కామాక్షీ. మరి దూరం ఎట్టా పెరిగింది?"

"కొండాయిపాలెం అందరికన్నా కింద ఉండేదన్నా. దాన్ని తీసేస్తే మిగిలినవాళ్ళ సగటు పైకి పోతుంది."

ఆయన కాసేపు ఆలోచించాడు. "బళ్ళో మార్కులు తక్కువొచ్చినోళ్ళని బయటికి పంపిస్తే క్లాసు మార్కులు పెరిగినట్టు."

"అంతే."

"అప్పుడింకొకడు అందరికన్నా కింద తేలతాడు."

"తేలతాడు."

"వాణ్ణీ పంపిస్తారు."

ఆయన లేచి, "ఇంత సంగతి పెద్దోళ్ళకి తెలీకుండా ఉంటదా? యాడో ఒకచోట ఆపతార్లే" అని వెళ్ళిపోయాడు. నేనూ అదే అనుకున్నాను. అయినా ఈ విషయమంతా వివరంగా రాసి కార్యాలయానికి పంపాను.

29వ రోజు

జవాబు రాలేదు. ఈ పదిహేను రోజుల్లో ఇంకో నాలుగు ఊళ్ళు పోయాయి.

షెడ్డులో ఇప్పుడు రెండు పూటలా పని చేస్తున్నారు. మేం పంపే అభ్రకం రేకులు ఎక్కడో సూర్యకొలుములకు కిటికీలవుతాయట. కొంత మందం వరకూ యంత్రాలే చీలుస్తాయి. ఆ పైన రేకు ముక్కలైపోతుంది. అక్కడినుంచి చేతులతోనే తీయాలి. అందుకే మెరుపుగుంట ఇంకా పట్టికలో ఉంది.

రత్తమ్మ పెద్దమ్మ దగ్గర కూర్చుని చూశాను. ఆమెకు అరవై రెండేళ్ళు. దిమ్మ అంచున గోరుతో ఒకసారి రాసి, కత్తి మొన ఆనించి, ఊపిరి బిగబట్టి లాగుతుంది. ఉల్లిపొరకన్నా పల్చని రేకు చప్పుడు లేకుండా విడిపోతుంది. చుట్టూ ఇరవైమంది ఆడపిల్లలు ఆమె వేళ్ళను చూసి నేర్చుకుంటున్నారు.

"కాకిబంగారాన్ని బలవంతం చేయకూడదే," అంది నన్ను చూడకుండానే. "అదే చెప్తది యాడ విడిపోవాల్నో."

"ఇంకా పెంచగలమా పెద్దమ్మా?"

"ఈళ్ళు నేర్చుకుంటాండారు. ఒక ఏడాది టైమియ్యమను, నాలాంటోళ్ళు పదిమంది తేలతారు."

మాకు ఏడాది లేదని చెప్పలేదు.

41వ రోజు

మా సూచీ అరవై ఆరు. పథకం మొదలయ్యాక ఇదే ఎక్కువ. షెడ్డులో పాయసం వండుకున్నారు. నేను గిన్నె చేతిలో పట్టుకుని ఆఫీసుకు వచ్చి చూస్తే సగటు డెబ్భై ఏడు. పొద్దునే ఆరు ఊళ్ళు పోయాయి.

పదకొండు తక్కువ. ముప్ఫై రోజుల గడువు మొదలైంది.

విష్ణువర్ధన్‌కు ఫోను చేశాను. శిక్షణలో నా పక్క కుర్చీ అతనిది. ఇప్పుడు మండల కార్యాలయంలో ఈ పథకం మొత్తం చూసేది అతనే.

"నీ ఉత్తరం చదివాను కామాక్షీ. నువ్వు రాసింది నిజమే."

"మరి ఆపరా?"

"పట్టికలో ముప్ఫై నాలుగుకు వచ్చాం. పదేళ్ళలో మొదటిసారి బయటివాళ్ళు మన రేవులో ఓడలు ఆపుతున్నారు. ఈ స్థితిలో ఆపమని నేను అంటే, నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అంతకుమించి ఏమీ మారదు."

"మావాళ్ళు రెండు పూటలా పని చేస్తున్నారు విష్ణూ."

"తెలుసు. మీ ఊరిమీద ఎవరికీ కోపం లేదు. మండలం హద్దులు మేం చూస్తాం. ఊరి హద్దులు మీ పంచాయతీ చేతిలోనే ఉన్నాయి కదా. పద్దెనిమిదో నిబంధన ఒకసారి చూడు. మిగతా ఊళ్ళూ దాన్నే చూస్తున్నాయి."

47వ రోజు

పద్దెనిమిదో నిబంధన రెండు వాక్యాలు. ఏ ఊరైనా తన హద్దును తానే కుదించుకోవచ్చు. బయటికి పోయిన భాగం ఆ ఊరి సూచీలోకి రాదు.

ఊరికి పడమర గుట్టమీద కాలనీ ఉంది. రెండు వందల పన్నెండు మంది. ఎక్కువమంది పాత గనుల్లో పనిచేసినవాళ్ళు, ఊపిరితిత్తుల్లో రాతిపొడి ఉన్నవాళ్ళు, వాళ్ళను చూసుకుంటున్న ఆడవాళ్ళు. సూచీ మనిషికి ఎంత సరుకు వస్తోందో చూస్తుంది, మనిషికి ఎంత వైద్యం పడుతోందో చూస్తుంది. ఎగిరే ఆసుపత్రి నెలకు ఎనిమిదిసార్లు దిగితే ఆరుసార్లు గుట్టమీదే దిగుతుంది.

పంచాయతీ ఆఫీసులో తొమ్మిదిమంది కూర్చున్నారు. అంకె చెప్పమన్నారు. గుట్టతో అరవై ఆరు, గుట్ట లేకుండా డెబ్భై ఒకటి అని చెప్పాను.

తర్వాత ఖాదర్ బాషా అడిగాడు. "ఇంకో దారుందా కామాక్షమ్మా?"

ఉంటే బాగుండునని ఆరు రోజులుగా వెతుకుతున్నాను. నీళ్ళు తగ్గిస్తే, బడి మూసేస్తే, బస్సులు మానేస్తే ఎంత పెరుగుతుందో అన్నీ వేసి చూశాను. అన్నీ కలిపినా రెండు దాటలేదు.

"లేదన్నా."

"నాలుగువేల మంది ఒకపక్క," అన్నాడు ఎవరో. వాక్యం పూర్తి చేయలేదు.

చేతులెత్తారు. తొమ్మిదీ లేచాయి. ఖాదర్ బాషా చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది. నాకు ఓటు లేదు. ఉంటే ఎత్తేదాన్ని కాదని రాయాలనుంది, రాయలేను. పేర్ల జాబితా రాసింది నేనే.

48వ రోజు

గుట్టమీదికి వెళ్ళి చెప్పాల్సిన పని నాకే పడింది. రత్తమ్మ పెద్దమ్మ ఇల్లు కాలనీలో మూడోది. షెడ్డునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. లోపల ఆమె భర్త పెంచలయ్య మంచంమీద మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఆయనకు ఊపిరాడదు.

నేను మొదటినుంచీ చెప్పాను. సగటు, గడువు, నిబంధన. అంతా అయ్యాక ఆమె, "నీళ్ళు ఎప్పుడాపతారు?" అంది.

"ఎల్లుండి."

"అయితే రేపు దుప్పట్లన్నీ ఉతికేసుకోవాల," అంది. లేచి గోలెం మీద మూత తీసి ఎన్ని నీళ్ళున్నాయో చూసుకుంది.

"పెద్దమ్మా, నన్ను తిట్టు."

"తిడితే మారతదా?"

"మారదు."

"ఇంకెందుకు? షెడ్డుకి నేను రావచ్చా, రాకూడదా, అది చెప్పు."

రాకూడదు. మండలం ముద్ర పడే సరుకును బయటివాళ్ళు ముట్టుకోకూడదు. ఆమె తల ఊపింది. నేను గుమ్మం దాటుతుంటే లోపలినుంచి పెంచలయ్య అడగడం వినిపించింది. "ఎవురే వచ్చింది? డాక్టరా?"

50వ రోజు

నా భర్త తిరుపాలుది పంపుహౌసు ఉద్యోగం. గుట్టకు వెళ్ళే వాల్వు ఆయనే కట్టేయాలి. పొద్దున టిఫిను తినకుండా వెళ్ళాడు. వచ్చాక రెండు చేతులూ సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు.

గుట్ట మొదట్లో రోడ్డుకు అడ్డంగా ఒక నైలాన్ తాడు కట్టి, అటూ ఇటూ, దాటిన మనుషుల్ని లెక్కపెట్టే స్తంభాలు పాతారు. తాడు నడుమెత్తు కూడా లేదు. మేక దూకగలదు.

సూచీ డెబ్భై ఒకటి. సగటు డెబ్భై ఎనిమిది. గడువు రద్దయింది. ఊళ్ళో ఎవరూ పాయసం వండలేదు.

63వ రోజు

రేవునుంచి సరుకు వెనక్కి వచ్చింది. నూటికి ముప్ఫై రేకులు మందం ఎక్కువ. షెడ్డునుంచి రత్తమ్మతోబాటు గుట్టమీదివాళ్ళు పదకొండుమంది వెళ్ళిపోయారు. పల్చని రేకు తీయడం వచ్చినవాళ్ళు వాళ్ళే. మిగిలిన పిల్లలకు పని సగమే వచ్చు. ఒకమ్మాయి ఏడుస్తూ వేలు చూపించింది. కత్తి లోతుగా దిగింది.

ఇది నా లెక్కలో ఎందుకు రాలేదో రాత్రింబవళ్ళు ఆలోచించాను. రాలేదంటే రాలేదు. సూచీ ఒక్కో మనిషి తీసిన రేకులను లెక్కపెడుతుంది. నేర్పించడాన్ని లెక్కపెట్టే గడి అందులో లేదు.

సూచీ అరవై తొమ్మిది.

71వ రోజు

రోజుకు నలభై బిందెల నీళ్ళు ఎటో పోతున్నాయని నా తెరమీద కనిపిస్తోంది. ఎటు పోతున్నాయో ఊరందరికీ తెలుసు. తెల్లవారుజామున ఎవరెవరో తాడు దగ్గర బిందెలు పెట్టి వస్తున్నారు. నేనూ రెండుసార్లు పెట్టాను. స్తంభాలకు మనుషులే కనపడతారు, తాడు కిందనుంచి జరిపిన బిందెలు కనపడవు.

గొట్టం పగిలిందని రాశాను. మండలంనుంచి మరమ్మతు యంత్రం వచ్చి గొట్టం పొడవునా పాకింది. పగులు లేదని తేల్చింది. నష్టానికి సూచీలో ఒకటి కోసేశారు. అరవై ఎనిమిది. అధ్యక్షుడి హోదాలో ఖాదర్ బాషా దండోరా వేయించాడు, తాడు దగ్గర బిందెలు పెట్టకూడదని. ఆయన భార్య మస్తాన్‌బీ బిందె కూడా ఆ నలభైలో ఉండేది.

78వ రోజు

ఇది రాయడం కష్టంగా ఉంది.

పొద్దున పదింటికి రత్తమ్మ పెద్దమ్మ తాడు దగ్గరికి వచ్చి నన్ను పేరు పెట్టి పిలుస్తోందని ఎవరో చెబితే గొడుగు తీసుకుని పరుగెత్తాను. ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు.

"మీ పెదనాయనకి ఊపిరందడంలేదే కామాక్షీ. ఆ ఆసుపత్రిని ఒక్కసారి దించమను."

అప్పుడే ఎగిరే ఆసుపత్రి ఊళ్ళో బడి ఆవరణలో దిగి ఉంది. పిల్లలకు టీకాలు వేస్తోంది. నేను బడికి పరుగెత్తాను. లోపలున్న నర్సు యాతన పడుతూ విన్నది. ఆమె తప్పేం లేదు. హద్దు బయట దిగమంటే యంత్రం వినదు. "మనిషిని తాడు ఇవతలికి తీసుకురండి, నేను చూస్తాను," అంది. తీసుకొస్తే స్తంభాలు లెక్కపెడతాయి. బయటి మనిషికి ఇక్కడ వైద్యం చేస్తే ఊరికి మూడు కోత. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తిరుపాలునీ ఇంకో ముగ్గురినీ వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాను. మంచంతో సహా ఎత్తుకుని దిగాం. యాభై డిగ్రీల ఎండ. తాడు ఇంకా వంద అడుగులు ఉందనగా పెంచలయ్య తల ఒకపక్కకు వాలింది.

రత్తమ్మ చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. మంచం దించాం. ఆమె కొంగుతో ఆయన ముఖంమీది చెమట తుడిచింది.

మా తలలమీదుగా ఎగిరే ఆసుపత్రి వెళ్ళిపోయింది. దాని నీడ మంచం మీదుగా పోయింది.

97వ రోజు

మా సూచీ అరవై ఎనిమిది. సగటు ఎనభై రెండు. మిగతా ఊళ్ళన్నీ పద్దెనిమిదో నిబంధన వాడుకున్నాయి. ఒక ఊరు తన బెస్తపేటను తీసేసిందట. ఇంకో ఊరు అరవై ఏళ్ళు దాటినవాళ్ళ వీధులన్నీ తీసేసింది. అందరూ పెరిగారు కనుక ఎవరూ పెరగలేదు.

మళ్ళీ గడువు మొదలైంది. పంచాయతీ మళ్ళీ కూర్చుంది. ఈసారి ఎవరో కుమ్మరివీధి అన్నారు, ఎవరో దర్గావీధి అన్నారు. ఖాదర్ బాషా మైకు తీసి పక్కన పెట్టాడు. "ఇంటికి పోండయ్యా," అన్నాడు. "ఇంగ నేను చెయ్యెత్తను."

127వ రోజు

ఇవాళ మెరుపుగుంట మండలంలోంచి పోయింది.

మధ్యాహ్నం విష్ణువర్ధన్ ఫోను చేశాడు. వెనకాల బాజాలు వినపడుతున్నాయి. మండలం పట్టికలో తొమ్మిదో స్థానానికి వచ్చిందట. మండలంలో ఇప్పుడు రేవు, నాలుగు ఊళ్ళు మిగిలాయి.

"పరిశీలకులను మేం వదులుకోం కామాక్షీ. నీకూ తిరుపాలుకూ ఇక్కడ ఇల్లు ఇస్తారు. ఎల్లుండి పదకొండింటికి బండి వస్తుంది. అరగంట కూడా ఆగదు, సిద్ధంగా ఉండండి."

"మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. శిక్షణ రోజుల్లో ఆమె మా ఇద్దరికీ గోంగూర పచ్చడి పంపేది.

"అమ్మవాళ్ళ ఊరు పోయినవారం పోయింది."

"నువ్వేం చేశావు?"

"లెక్క రెండుసార్లు చూశాను. సరిగ్గానే ఉంది."

బాజాలు ఆగలేదు.

128వ రోజు

సాయంత్రానికి ట్యాంకు అడుగంటింది. గుట్టమీదివాళ్ళు డెబ్భై ఎనిమిది రోజులుగా ఎలా బతుకుతున్నారో కనుక్కోవడానికి ఖాదర్ బాషా, తిరుపాలు, నేను వెళ్ళాం. స్తంభాలు ఆరిపోయి ఉన్నాయి. తాడు తీసేయాలని ఎవరికీ తోచలేదు. దాటుకుని వెళ్ళాం.

పాత మూడో నంబరు గనిలో ఊట ఉందట. బిందెలు ఆగిపోయాక వాళ్ళు కప్పీ కట్టి తోడుకోవడం మొదలుపెట్టారు. ఇసుక, బొగ్గు పోసిన పీపాల్లోంచి వడపోస్తున్నారు. రెండువందల పన్నెండు మందిలో నూట డెబ్భై మంది మిగిలారు.

రత్తమ్మ పెద్దమ్మ కప్పీ దగ్గర ఉంది. బాగా చిక్కిపోయింది. ఖాదర్ బాషా ముందుకు వచ్చాడు. వంగి ఆమె కాళ్ళ దగ్గర నేలను ముట్టుకున్నాడు.

"లెయ్యి," అంది. "మీకూ ఆపేసినారా?"

"ఆపేసినారు."

తిరుపాలు గనిలోకి తాడు వదిలి కొలిచాడు. రోజుకు నాలుగువందల బిందెలు ఊరుతాయన్నాడు. ఎవరూ అడక్కుండానే నేను నోరు తెరిచాను. "మనిషికి బిందె చొప్పున నాలుగువందల మందికి సరిపోతుంది. ఊళ్ళో ఇంకా మూడువేల ఎనిమిదొందల మంది—"

"ఆ లెక్క చెప్పబాక," అంది రత్తమ్మ. కోపంగా అనలేదు. "చెప్తే ఎవురో ఒకరు జాబితా రాయాల. బిందె తెచ్చుకున్నోళ్ళకల్లా పోస్తాం. అయిపోతే మళ్ళీ ఊరేదాకా కూర్చుంటాం."

"చాలవు పెద్దమ్మా."

"చాలవని నాకు తెలవదా?"

129వ రోజు

ఈ దినచర్య ఎవరికి పంపాలో తెలియదు. అలవాటుకొద్దీ రాస్తున్నాను.

తెల్లవారేసరికే గని దగ్గరినుంచి తాడు దాకా, తాడునుంచి బడిదాకా మనుషులు నిలబడి ఉన్నారు. ఎండ ఎక్కుతున్నకొద్దీ తలలమీద తడి గుడ్డలు, తర్వాత పొడి గుడ్డలు. తిరుపాలు, మరికొందరు మగవాళ్ళు కప్పీ లాగుతున్నారు. ఒక ముసలాయన నిలబడలేక కూలబడితే ముందున్నవాళ్ళు ఆయన బిందెను చేతులు మారుస్తూ ముందుకు పంపారు. వెనకవాళ్ళలో ఒకామె గట్టిగా తిట్టింది. ఆమెకు చంకలో బిడ్డ ఉంది.

బండి విషయం నిన్న తిరుపాలుకు చెప్పాను. "నువ్వు పోతే పో, నేనేమీ అనుకోను," అన్నాడు. తను వస్తాడో రాడో అనలేదు. పొద్దున సంచిలో రెండు చీరలు పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

పదకొండింటికి గుట్ట కిందనుంచి హారన్ వినపడింది. తెల్లబండి పంచాయతీ ఆఫీసు ముందు ఆగి ఉంది. అందరూ ఒకసారి అటు చూసి, తర్వాత నన్ను చూశారు. పోవద్దని ఎవరూ అనలేదు. వెళ్ళమని కూడా అనలేదు.

వెళ్ళకూడదని నేను నిర్ణయించుకోలేదు. అలా రాస్తే అబద్ధమవుతుంది. వరసలో ఐదు గంటలు నిలబడ్డాను. కదిలితే చోటు పోతుంది, పోతే ఇవాళ్టికి నీళ్ళు లేవు. అంతకుమించి ఏమీ ఆలోచించలేకపోయాను. హారన్ ఇంకో రెండుసార్లు మోగింది. తర్వాత దుమ్ము లేచింది.

గనిలో బిందె రాతికి తగిలిన చప్పుడు వచ్చింది. అడుగు తగిలిందని పైనుంచి కేకేశారు. ఊరేదాకా ఆగాలి. మేమంతా ఉన్నచోటే కూర్చున్నాం. నా ముందు ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.